జామచెట్టు మొదట్లో ఉగాది

మా అమ్మీ ముప్పై ఐదేళ్లపాటు ప్రతి ఉగాదికీ ఉగాది పచ్చడిని జామచెట్టు మొదట్లో పోసింది.

భవానీపురం హెచ్.బి. కాలనీలో మాది గోడ కలిసిన ఇల్లు. అవతలి ఇంట్లో పిన్నిగారు. పిన్నిగారంటే వరస కలిపి పిలుచుకోవడమే. వాళ్లు బ్రాహ్మలు, మేం సాయిబులం. ఉగాది పొద్దున పూజ అవగానే పిట్టగోడ మీదుగా మూత పెట్టిన స్టీలు గిన్నె వచ్చేది. అమ్మీ రెండు చేతులతో అందుకునేది. "ఎందుకమ్మా చెల్లెమ్మా నీకీ శ్రమ" అనేది. లోపలికి తెచ్చి అలమరలో పెట్టేది. మధ్యాహ్నం పిన్నిగారు కునుకు తీసే వేళ చూసి పెరట్లోకి వెళ్లి, బిస్మిల్లా అనుకుని, చెట్టు పాదులో వంపేది. మోరీలో మాత్రం పోసేది కాదు. అది రిజ్క్, అల్లా ఇచ్చిన తిండి. దాన్ని మురుగులో కలపకూడదు. తర్వాత గిన్నె తోమి, అందులో గుప్పెడు పంచదారో రెండు అరటిపళ్లో వేసి తిరిగి పంపేది. ఖాళీ గిన్నె వెనక్కి పంపకూడదన్న నియమం రెండిళ్లలోనూ ఉండేది. అది ఏ మతంలోదో ఇప్పటిదాకా నాకు తెలీదు.

అమ్మీకి వేపపువ్వు మీద కోపం లేదు. మామిడికాయ మీద అసలే లేదు. అదే మధ్యాహ్నం మామిడికాయ ముక్కలు తరిగి ఉప్పూ కారం చల్లి మా ముందు పెట్టేది. చేదు కావాలంటే మా ఇంటి ముందు వేపచెట్టు ఉండనే ఉంది. ఆమె అభ్యంతరం ఒక్కటే. ఆ పచ్చడి దేవుడి ముందు పెట్టిన పచ్చడి. అల్లా పేరు కాకుండా మరో పేరు మీద పెట్టింది నోట్లో పెట్టుకోకూడదు. ఇందులో చర్చ లేదు.

చర్చ అంతా తర్వాతి మాట దగ్గరే. సాయంత్రం పిన్నిగారు గోడ దగ్గరికొచ్చి "ఎలా ఉంది అక్కయ్యగారూ?" అని అడిగేది. "చాలా బాగుంది చెల్లెమ్మా. పులుపు కొంచెం ఎక్కువైందేమో" అనేది అమ్మీ. అయిదు పూటలా నమాజు చేసే మనిషి. రోజా ఉండగా కలలో తిన్నా కంగారు పడే మనిషి. అంత నింపాదిగా అబద్ధం ఎలా ఆడేది? పులుపు సంగతి మాత్రం అబద్ధం కాదు. మా అబ్బా రైల్వే ఉద్యోగి. శుక్రవారానికి తప్ప మసీదుకి వెళ్లడానికి ఆయనకి డ్యూటీ అడ్డొచ్చేది. గిన్నె అలమరలో ఉండగానే ఓ చెంచాడు నోట్లో వేసుకుని "ఖట్టా జ్యాదా హై" అని తీర్పు చెప్పి వెళ్లిపోయేవాడు. అమ్మీ ఆ తీర్పునే గోడ మీదుగా దాటించేది.

ఒకసారి నేను అడిగేశాను. అప్పుడు నాకు పన్నెండేళ్లు, 1992. ఆ ఏడు కూడా ఉగాదీ రంజానూ పక్కపక్కనే వచ్చాయి. "తిననప్పుడు తీసుకోవడం ఎందుకు? వద్దని చెప్పెయ్యొచ్చుగా?" అన్నాను. అమ్మీ మా దక్కనీలో ఒకే ముక్క అంది. "దిల్ నక్కో తోడో బాబా." మనసు విరవొద్దు నాయనా, అని. అల్లా హక్కు అల్లాకి ఉంది, పడోసీ హక్కు పడోసీకి ఉంది, రెండూ ఒకే గిన్నెలో వచ్చినప్పుడు జామచెట్టు దారి చూపించింది అన్నట్టుగా చూసింది. నాకు సమాధానం దొరకలేదు. నలభై అయిదు దాటాక కూడా పూర్తిగా దొరకలేదు. ఈ వ్యాసం అందుకే.

*

నా సంగతీ చెప్పాలి కదా. అమ్మీ అబద్ధం గోడ దాకానే వెళ్లింది. నా అబద్ధం పరీక్ష పేపర్లోకి ఎక్కింది. ఏడో తరగతి తెలుగు పరీక్షలో ఉగాది మీద వ్యాసం రాయమన్నారు. నేను రాశాను. "మేము తెల్లవారుజామునే లేచి తలంటు పోసుకుంటాము. గుమ్మాలకు మామిడి తోరణాలు కడతాము. షడ్రుచుల పచ్చడి తిని గుడికి వెళతాము. సాయంత్రం పంచాంగ శ్రవణం చేస్తాము." పదికి తొమ్మిది వచ్చాయి. పేపరు ఇచ్చేటప్పుడు మాస్టారు నా పేరు చదివి, వ్యాసం చూసి, నవ్వి, "ఏరా, మీ ఇంట్లో కూడానా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నిజం రాస్తే ఏం రాయాలి? "మా అమ్మీ పచ్చడిని చెట్టుకు పోస్తుంది" అని రాస్తే ఎన్ని మార్కులు వేసేవారు?

ఆ వ్యాసంలో నన్ను ఇరికించింది ఒక్క మాట, 'మేము'. తెలుగులో ఒక సౌకర్యం ఉంది, ఉర్దూలో లేదు. ఉర్దూలో 'హమ్' అంటే అన్నీ అయిపోతాయి. వింటున్న నువ్వు అందులో ఉన్నావా లేదా అనేది తేలదు. తెలుగు తేల్చేస్తుంది. 'మేము' అంటే నువ్వు బయట. 'మనం' అంటే నువ్వూ లోపలే. రెండు భాషల్లో బతికే మా లాంటి వాళ్లకి ఇది వ్యాకరణం సంగతి మాత్రమే కాదు. ఉగాది రోజు టీవీ పెడితే 'మన తెలుగు సంవత్సరాది' అంటారు. మర్నాడు వీధిలో మాటల్లో అదే పండగ 'మా హిందువుల పండగ' అవుతుంది. నేను తెలుగువాణ్ణి కాబట్టి మొదటి మాటలో ఉన్నాను. ముస్లిముని కాబట్టి రెండో మాటలో లేను. రాత్రికి రాత్రి 'మన' 'మా'గా మారిపోయేటప్పుడు నన్నెవరూ అడగరు. ఏం మారిందో చెప్పరు.

పత్రికలో చేరాక ఇంకో చిక్కు. ఉగాది వస్తే డెస్కులో ఒక ఫోటో సిద్ధంగా ఉంటుంది. కడప జిల్లాలో దేవుని కడప. అక్కడి లక్ష్మీ వెంకటేశ్వరస్వామి గుడికి ఉగాది నాడు ముస్లింలు వెళతారు. బీబీ నాంచారి మా ఆడబిడ్డ, వెంకటేశ్వరుడు మా అల్లుడు అన్నది అక్కడి నమ్మకం. అల్లుడి ఇంటికి వెళ్లినట్టు బెల్లమూ చింతపండూ పట్టుకుని, తెల్లారకముందే బుర్ఖాల్లో ఆడవాళ్లు వరసలో నిలబడతారు. తురక నాంచారి కథ శ్రీరంగంలోనూ మేల్కోటలోనూ కూడా ఉంది. ఆ ఫోటో కింద 'వెల్లివిరిసిన మత సామరస్యం' అన్న మాట నా చేత్తో నేను ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఒక ఏడు డ్యూటీ మీద నన్నే పంపారు. వరసలోంచి బయటికొచ్చిన ఒక పెద్దామెని, బహుశా అరవై అయిదేళ్లుంటాయి, అడగాల్సిన ప్రశ్న అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "అల్లుని ఇంటికి పోయి వస్తాండాం నాయనా. దీంట్లో పేపర్లో ఏసేదేముండాది?" అంది. నిజమే. మన ఇళ్లలో అల్లుడింటికి వెళ్లొస్తే ఎవరైనా వార్త వేస్తారా?

ఆ ఫోటో చూసి లౌకికవాద మిత్రులు మురిసిపోతారు. మా జమాతు సోదరులు షిర్క్ అని చెవులు మూసుకుంటారు. ఇద్దరూ ఆమెని అడగరు. నాకు ఆమె నమ్మకం లేదు, ఉందని చెప్పను. అమ్మీ అయితే ఆ వరస దరిదాపులకి కూడా వెళ్లేది కాదు. కానీ 'మంచి ముస్లిం'కి కొలబద్దగా ఆమె ఫోటోని పట్టుకొచ్చి నా ముందు పెట్టినప్పుడు మాత్రం నాకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది. గుడికెళ్లిన ముస్లిం మంచివాడైతే, జామచెట్టు దగ్గరికెళ్లిన మా అమ్మీ ఏమవుతుంది?

*

అమ్మీ 2021లో పోయింది. నలభయ్యో రోజు ఫాతెహా అయ్యాక పిన్నిగారు వచ్చి వరండాలో కూర్చుంది. మాటల మధ్యలో, మామూలుగా, వాన వస్తుందేమో అన్నంత మామూలుగా అంది. "మీ అమ్మ ఒక్క ఏడు కూడా నా పచ్చడి తినలేదు బాబూ. నాకు తెలుసు."

నేను తలెత్తలేదు.

"మేడ మీద బట్టలారేస్తుంటే కనపడదూ మీ పెరడు? మొదటి ఏడే చూశాను. ఏడుపొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, చెట్టుకి పోసిందే గానీ దొడ్డి కాలవలో పొయ్యలేదుగా అనిపించింది." కాసేపాగి మళ్లీ అంది. "నేను మాత్రం మీ షీర్ ఖుర్మా తిన్నానా ఏంటి? పాలతో వండిందైనా మీ గిన్నెలో వండిందేగా. మా అత్తగారు బతికున్న రోజులు. పనిమనిషికి ఇచ్చేసేదాన్ని. రెండేళ్లకి మీ అమ్మ వండింది పంపడం మానేసింది. ఎండు సేమ్యా, ఖర్జూరాలు, చారపప్పు, పంచదార విడివిడిగా పొట్లాలు కట్టి పంపేది. అవి మా పొయ్యి మీద మా గిన్నెలో వండుకుని తినేవాళ్లం. నేనేమీ చెప్పలేదు. ఆవిడే కనిపెట్టింది."

అంటే ముప్పై ఐదేళ్లు ఇద్దరికీ అంతా తెలుసు. ఇద్దరూ "బాగుంది" అన్నారు.

ఇది విని ఒక మిత్రుడు కళ్లు చెమర్చి "ఇదే కదా మన సంస్కృతి!" అన్నాడు. ఇంకొకతను, దళిత రచయిత, కళ్లు చెమర్చకుండా ఒక ప్రశ్న వేశాడు. "ఆ షీర్ ఖుర్మా తిన్న పనిమనిషి ఎవరు?" ఎవరో చెప్పాను. రెండిళ్లలోనూ పనిచేసేది. ఏసు ప్రభువుని నమ్ముకున్న మనిషి. పిన్నిగారింట్లో ఉగాది పచ్చడి తినేది, మా రంజాన్ షీర్ ఖుర్మా తినేది, క్రిస్మస్‌కి తను కేకు ముక్క తెస్తే రెండిళ్లవాళ్లమూ "అక్కడ పెట్టమ్మా" అనేవాళ్లం. మా వీధిలో అందరి పండగలూ తిన్నది ఆమె ఒక్కతే. ఆమె ఫోటో ఏ పత్రికా వెయ్యలేదు. నేను పనిచేసిన పత్రిక కూడా.

ఆ ప్రశ్న తర్వాత నాకు అమ్మీ పారబోతా పిన్నిగారి పారబోతా ఒకటిగా కనిపించడం మానేశాయి. పక్కపక్కన పెడితే సమానంగానే ఉంటాయి. ఈమె ఆమెది తినలేదు, ఆమె ఈమెది తినలేదు, లెక్క సరి. కానీ అమ్మీ వద్దనుకున్నది ఆ పచ్చడి మీద జరిగిన పూజని. అదే పిన్నిగారు పూజకి ముందు అదే చేత్తో ఇచ్చి ఉంటే తినేది, వేళ్లు కూడా నాకేది. పిన్నిగారు వద్దనుకున్నది మా వంటింటిని. పాలలో దోషం లేదు, సేమ్యాలో దోషం లేదు, దోషమంతా వండిన గిన్నెలో, గిన్నె వెనకున్న ఇంట్లో. మాంసం వండే గిన్నె అనొచ్చు. అది నిజమైన కారణమే, తీసెయ్యను. కానీ మాంసం ముట్టని నూర్‌బాషా ఇంటి నుంచి వచ్చినా ఆ అత్తగారు తినేవారా? తినేవారు కాదు. క్రియని కాదనడం వేరు, మనిషిని కాదనడం వేరు. మొదటిది విశ్వాసం. రెండోదానికి ఈ దేశంలో చాలా పాత పేరుంది. మా పనిమనిషికి ఆ పేరు నాకంటే బాగా తెలుసు.

అయితే అమ్మీ వైపు తప్పు లేదా? ఉంది. అడగకపోవడం. 'నాకు పూజకి ముందు తీసిపెట్టు చెల్లెమ్మా' అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఆ మాటే పిన్నిగారు కూడా అంది ఆ రోజు. "అడిగితే తీసిపెట్టేదాన్నిగా. నా దేవుడేమన్నా అలుగుతాడా?" అని. ఆ మాట అడగడానికి ఎందుకంత భయం? 'మీ దేవుడి ముందు పెట్టింది నేను తినను' అనే నిజం చెప్పాక కూడా గోడ గోడలాగే ఉంటుందా, ఇంకాస్త ఎత్తు పెరుగుతుందా అన్న భయం. ఈ భయం పిన్నిగారికి లేదు. ఆమె తినకపోవడాన్ని ఎవరైనా ఆచారం అంటారు. అమ్మీ తినకపోవడాన్ని అనడానికి వేరే మాటలు సిద్ధంగా ఉంటాయి. 1992 డిసెంబరు 6 తర్వాత వారం రోజులు అమ్మీ మమ్మల్ని గేటు దాటనివ్వలేదు. ఆ వారం రోజులూ పాలపాకెట్లు తెచ్చి గోడ మీద పెట్టింది ఎవరనుకున్నారు? మా గిన్నెలో వండింది తినని పిన్నిగారే. ఆచారమూ ప్రేమా ఒకే చేతిలో ఎలా ఇముడుతాయో పుస్తకాల్లో చదివితే నమ్మేవాణ్ణి కాదు.

*

మా వైపు పెద్దలు చెప్పే మాట ఒకటుంది. ప్రవక్త మదీనా వచ్చినప్పుడు అక్కడి వాళ్లకి ఆటపాటలకి రెండు రోజులుండేవి. వాటికి బదులు అల్లా మీకు రెండు ఈదులిచ్చాడని ఆయన చెప్పాడు. కాబట్టి మూడో పండగ లేదు. ఈ హదీసుని నేను తోసెయ్యను. కానీ మన ఫిఖా పెద్దలే ఇంకో గీత గీశారు. ఇబాదత్ వేరు, ఆదత్ వేరు అన్నారు. ఇబాదత్ అంటే ఆరాధన. అందులో కొత్తది చేర్చకూడదు. ఆదత్ అంటే ఆ నేల మీది అలవాటు. నిషేధం ఉంటే తప్ప అది చెల్లుతుంది. ఉగాదిలో ఏది ఇబాదత్, ఏది ఆదత్? పంచాంగ పూజ, నైవేద్యం, గుడి నా ఇబాదత్ కావు, కాలేవు. వేపపువ్వు, కొత్త బెల్లం, కొత్త చింతపండు, లేత మామిడి? వీటికి కలిమా చదివించాలా?

ఇమామ్ అబూ హనీఫా తాత గురించి ఒక కథనం ఉంది. పారశీక వంశంవాడు. నౌరోజ్ నాడు హజ్రత్ అలీకి ఫాలూదా తీసుకెళ్లి ఇచ్చాడట. అలీ పుచ్చుకుని, మాకు రోజూ నౌరోజే అన్నాడట. ఈ దేశంలో అత్యధిక ముస్లింలు నడిచేది ఆ మనవడి మజ్హబ్‌లోనే. నౌరోజ్ ఇస్లాంకి ముందటి పండగ, వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజున వచ్చే కొత్త సంవత్సరం. ఇరాన్ వాళ్లు కలిమా చదివాక కూడా దాన్ని వదల్లేదు. ఇప్పటికీ 'సీన్' అక్షరంతో మొదలయ్యే ఏడు వస్తువులు బల్ల మీద పెడతారు. సిర్కా ఉంటుంది, వెల్లుల్లి ఉంటుంది, ఆపిల్ ఉంటుంది, మొలకెత్తిన గోధుమ గడ్డి ఉంటుంది. మన షడ్రుచులకి దూరపు చుట్టం. దీని మీద పేచీలూ పాతవే. ఔరంగజేబు తన దర్బారులో నౌరోజ్ ఆపేయించాడు. 2021లో గద్దెనెక్కిన తాలిబాన్లు అఫ్ఘనిస్తాన్‌లో దాన్ని ప్రభుత్వ పండగల్లోంచి తీసేశారు. మన గోల్కొండలో మహమ్మద్ కులీ కుతుబ్ షా మాత్రం బసంత్ మీదా తొలకరి మీదా దక్కనీలో కవిత్వం రాసుకుంటూ కూర్చున్నాడు. ఆయన మతం ఏమీ అరిగిపోలేదు.

అసలు లెక్క చూస్తే ఉగాదికీ నెలవంకకీ ఉన్న చుట్టరికం చాలామంది గమనించరు. ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి, అమావాస్య మర్నాడు. మన హిజ్రీ నెల కూడా ఆ అమావాస్య దాటాక కనబడే వంకతోనే మొదలవుతుంది. కాబట్టి ఏ ఉగాదైనా ఏదో ఒక హిజ్రీ నెల మొదటికి ఒకటి రెండు రోజుల అటూ ఇటూగా పడి తీరుతుంది. ఇద్దరం చూసేది ఒకే చంద్రుణ్ణి. తేడా అధిక మాసం దగ్గర. తెలుగు పంచాంగం రెండున్నర, మూడేళ్లకోసారి ఒక నెల కలిపి చంద్రుణ్ణి రుతువుతో కట్టేస్తుంది. ఖురాన్ ఆ కలపడాన్ని వద్దంది. అందుకని మన ఏడాది సుమారు పదకొండు రోజులు ముందుకి జరుగుతూ, ముప్పై మూడేళ్లకి ఒక చుట్టు తిరుగుతుంది. రంజాన్ ఎండలో వస్తుంది, వానలో వస్తుంది, చలిలో వస్తుంది. ఇందులో ఒక న్యాయం ఉంది. ఏ దేశానికీ ఎప్పుడూ తేలిక ఉపవాసం దక్కదు. ఒక లోటూ ఉంది. మన పండగకి పువ్వు లేదు, కాయ లేదు. ఏ చెట్టూ మనకి ఈద్ వస్తోందని చెప్పదు.

పంటకి చంద్రుడితో పని జరగదని మన పాదుషాలకీ తెలిసింది. పంట ఇంటికి రాకముందే శిస్తు కట్టమంటే రైతు ఎక్కడ తెస్తాడు? అక్బరు ఫసలీ లెక్క పెట్టించాడు. షాజహాన్ కాలంలో అది దక్కన్‌కి వచ్చింది. హిజ్రీ సంఖ్యనే తీసుకుని రుతువుకి కట్టేశారు. మా తాత నందిగామ తాలూకా ఆఫీసులో గుమాస్తాగా జమాబందీ లెక్కలన్నీ ఫసలీలోనే రాశాడు. నేటికీ రెవెన్యూ కాగితాల్లో ఆ సంవత్సరం కనిపిస్తుంది. 2025 మార్చిలో హిజ్రీ 1446, ఫసలీ 1434. ఆ పన్నెండేళ్ల తేడా, చంద్రుడు పరిగెత్తినంత మేర పొలం పరిగెత్తలేకపోయిన దూరం. తెలుగు రైతు, హిందువైనా ముస్లిమైనా, మూడొందల ఏళ్లకు పైగా మక్కా నుంచి మదీనాకి జరిగిన ప్రయాణం పేరున ఉన్న అంకెతోనే శిస్తు కట్టాడు. అది పరాయి లెక్క అని అడంగల్ ఎవరూ చింపలేదు. మరి వేపపువ్వు నాకెందుకు పరాయిది కావాలి?

మనవాళ్లలోనూ ఈ ప్రశ్నకి ఒక చేదు జవాబుంది. నూర్‌బాషాలు, దూదేకులవాళ్లు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. వాళ్లలో చాలా ఇళ్లలో గుమ్మానికి మామిడాకు కడతారు. మా ఉర్దూ ఇళ్లలో వాళ్లని ఏమనేవాళ్లో నాకు గుర్తుంది. "ఆధే ముసల్మాన్" అనేవాళ్లు. సగం ముస్లింలట! సంబంధాలు కలుపుకునేవాళ్లం కాదు. గోడ అవతలి వాళ్లు మమ్మల్ని సగం తెలుగువాళ్లని చూస్తే మండిపడే మేం, పింజారి ఇంటి తోరణం చూసి సగం ముస్లింలన్నాం. పిన్నిగారి అత్తగారిని నేను విమర్శించడానికి ముందు ఈ వాక్యం రాయాల్సింది.

*

ఇదంతా గిన్నెల గొడవేలే, ఎవరి తిండి వాళ్లది అని సరిపెట్టుకోవచ్చు. గిన్నె దగ్గర మొదలైంది కొట్టు దాకా వస్తుంది. 2022లో ఉగాది ఏప్రిల్ 2న. మర్నాడు కర్ణాటకలో హొసతొడకు, మాంసం వండుకునే రోజు. ఆ రోజుకి హలాల్ మాంసం కొనొద్దని అక్కడ ప్రచారం నడిచింది. మన దగ్గర శ్రీశైలంలో ఉగాది ఉత్సవాలకి కన్నడ భక్తులు వేల సంఖ్యలో కాలినడకన వస్తారు. ఆ గుడి దుకాణాల వేలంలో హిందువులు కానివాళ్లు పాల్గొనకూడదని 2015లో ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. హైకోర్టు దాన్ని సమర్థించింది. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆపింది. పూలూ బొమ్మలూ అమ్ముకోవడానికి మతం అడ్డు కాకూడదన్నది అక్కడ తేలిన సంగతి. పండగ నాడు నేను పచ్చడి తిన్నానా లేదా అని అడిగేవాడికి, పండగ నాడు నేను బొమ్మలమ్ముకోవచ్చా అన్న ప్రశ్న నేను వెయ్యాలి. నా నాలుక మీది వేపపువ్వుని చూసి నన్ను లోపలికి రానిస్తానంటే ఆ లోపల నాకు అక్కర్లేదు. కొన్నేళ్ల క్రితం ఒక కవిసమ్మేళనానికి పిలిచి, వేదిక మీద మైకులో "మన ముస్లిం సోదరుడు కూడా పచ్చడి స్వీకరిస్తున్నారు" అని ప్రకటించి, చప్పట్లు కొట్టించి, ఫోటో తీశారు. ఆ పచ్చడి మింగాను. పిన్నిగారి గోడ మీద గిన్నెకి ఎప్పుడూ మైకు లేదు.

2025 ఉగాది ఆదివారం, మార్చి 30. మాకు ఇరవై తొమ్మిదో రోజా. పొద్దున్నే పిట్టగోడ దగ్గర పిన్నిగారి గొంతు. డెబ్బై ఎనిమిదేళ్లొచ్చాయి, గోడ పట్టుకుని నిలబడింది. "ఉపవాసం ఉన్నావుగా, పొద్దు గుంకాకే తిను. పూజకి ముందే తీశాను" అంది. జామచెట్టు ఇప్పుడు లేదు, మేడ కట్టేటప్పుడు కొట్టేశాం. అదే స్టీలు గిన్నె, మీద మూత. రోజంతా అలమరలో ఉంది. మా అమ్మాయి రెండుసార్లు మూత తీసి వాసన చూసి పెట్టింది.

మగ్రిబ్ అజాన్ అయ్యాక ఖర్జూరం నోట్లో వేసుకుని నీళ్లు తాగి, దుఆ చేసుకుని, బిస్మిల్లా అని ఒక చెంచా తిన్నాను. నలభై అయిదేళ్లలో మొదటిసారి దొంగతనం కాకుండా, మార్కుల కోసం కాకుండా, మైకు ముందు కాకుండా తిన్నాను.

"ఎలా ఉంది?" గోడ అవతల నుంచి.

"పులుపు బాగా ఎక్కువైంది పిన్నిగారూ."

"మీ అమ్మ కూడా ఏటా అదే అనేది" అని నవ్వింది.

అంతలో మసీదు మైకులో చాంద్ కనబడిందని చెప్పారు. తెల్లారితే ఈద్. వీధిలో పిల్లలు కేకలు పెట్టారు. పిన్నిగారు లోపలికి వెళ్లబోతూ ఆగింది. "ఈసారి పొట్లాలు పంపకు బాబూ. పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నా. వండిందే తీసుకురా."

ఈ మాట చెప్పగానే మా ఆవిడ చేతిలో పని ఆపేసింది. వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్లు రాత్రి పదింటిదాకా తెరిచి ఉంటాయి. కొత్త గిన్నె కొనుక్కొచ్చి అందులో వండాలా, ఉన్న గిన్నె తోమి అందులోనే వండాలా అని నన్నడిగింది. చెప్పులేసుకుని గేటు దాకా వచ్చి నిలబడ్డాను. ఎటు నడవాలో వెంటనే తోచలేదు.